హిరొసాకి వెళ్తున్న అమ్మలుకి

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "జనవరిలో ఇది ఒక్కతే టోక్యో నుంచి హిరొసాకి వెళ్తుందట. మంచులో ఆపిల్ చెట్లకి కొమ్మలు ఎలా కత్తిరిస్తారో దగ్గరుండి నేర్చుకుంటుందట. నువ్వైనా చెప్పక్కా" అంది. వద్దని చెప్పమని దాని ఉద్దేశం. నేను చెప్పను. వ్యవసాయం చదువుకుని, మోకాలి లోతు మంచులో రైతు వెనకాల తిరగడానికి సిద్ధపడిన పిల్ల మన ఇంట్లో పుట్టిందంటే నాకు కడుపు నిండినట్టుంది. మీ తాతయ్య ఉంటే వీధంతా తిరిగి చెప్పుకునేవారు.

కానీ ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. నువ్వు మొరియొకా మీదుగా వెళ్ళాలి. ఆ ఊరి పేరు వింటే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది. అందుకే పొద్దున్నే లేచి ఇది రాస్తున్నాను. మెసేజ్‌లా పైపైన చూసి పక్కన పెట్టకు, కూర్చుని చదువు.

ముందు మీ అమ్మ భయం సంగతి. దానికి భూకంపం అంటే టెన్షన్. నువ్వు వెళ్ళేది షింకన్‌సెన్‌లో, అంటే బుల్లెట్ రైలులో. సముద్రం ఒడ్డున, ఆ లైన్ పొడవునా భూకంపాన్ని పసిగట్టే యంత్రాలు పెట్టారు. మొదటి అదురు తెలియగానే కరెంటు ఆగిపోయి బ్రేకులు వాటంతట అవే పడతాయి. 2011 మార్చి 11న అంత పెద్ద భూకంపం వచ్చినప్పుడు ఆ లైన్ మీద పరుగులో ఉన్న షింకన్‌సెన్ రైళ్ళలో ఒక్క ప్రయాణికుడి ప్రాణం కూడా పోలేదు. ఈ మాట మీ అమ్మకి నువ్వే చెప్పు, నేను చెబితే నమ్మదు.

స్టేషన్‌కి అరగంట ముందు చేరుకో. టోక్యో స్టేషన్‌లో షింకన్‌సెన్ గేట్లు రెండు రకాలు: క్యోటో, ఒసాకా వైపు వెళ్ళేవాటికి నీలం బోర్డు, ఉత్తరానికి వెళ్ళేవాటికి ఆకుపచ్చ బోర్డు. నీకు ఆకుపచ్చ. కాగితం టికెట్లయితే ప్రయాణానికి ఒకటి, ఎక్స్‌ప్రెస్‌కి ఒకటి ఇస్తారు. గేటులో రెండూ కలిపి పెట్టు, అవతల రెండూ తీసుకోవడం మర్చిపోకు. నువ్వెక్కే హయబుసా రైలులో సీటు రిజర్వు చేసుకోక తప్పదు. ఎడమవైపు కిటికీ దొరికితే తీసుకో, మబ్బు లేకపోతే మొరియొకా దగ్గర ఇవాతె కొండ కనిపిస్తుంది.

తిండి విషయం మాత్రం నిర్లక్ష్యం చెయ్యకు. స్టేషన్‌లో అమ్మే ఎకిబెన్ అనే భోజనం పెట్టెలు చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నా, పైకి కూరగాయలే కనిపించినా, ఉడికించేది మాత్రం చాలావరకు చేప రసంలో. నువ్వు మాంసం, చేప ముట్టవు కాబట్టి ముందు రోజు రాత్రే పులిహోర కలుపుకో, ఆ చలికి పాడవదు. ఆవకాయ సీసా మాత్రం బండిలో మూత తియ్యకు. తలుపులన్నీ మూసి ఉంటాయి, పక్కవాళ్ళకి ఆ వాసన అలవాటుండదు.

ఇక అసలు సంగతి. హయబుసా ఆకుపచ్చగా ఉంటుంది. చాలా బళ్ళకి ముందు కొమాచి అనే ఎర్ర బండి తగిలిస్తారు. టోక్యో నుంచి మొరియొకా దాకా ముక్కూ ముక్కూ ఆనించుకుని ఒకే రైలుగా వెళ్తాయి. 1 నుంచి 10 దాకా బోగీలు ఆకుపచ్చవి, 11 నుంచి 17 దాకా ఎర్రవి. మొరియొకాలో వాటిని విడదీస్తారు. ఎర్రది ముందు బయల్దేరి కొండల్లోంచి పడమటికి, అకితాకి వెళ్ళిపోతుంది. ఆకుపచ్చది కాసేపాగి ఉత్తరానికి, నువ్వు దిగాల్సిన షిన్-ఆవొమొరి వైపు వెళ్తుంది. లోపల ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దారి లేదు. ఈ చివరి మాట తెలియక నేను పడిన బాధ నువ్వు పడకూడదు.

2016 ఫిబ్రవరి, మేం టోక్యోలో ఉన్న రోజులు. మీ పెదనాన్నగారికి ఆవొమొరిలో రెండు నెలల పని పడింది. బాబుకి అప్పుడు నాలుగేళ్ళు. నాకు సెలవు దొరక్కపోతే, వాణ్ణి తీసుకుని ఆయన రెండు రోజులు ముందు వెళ్ళారు. వాడు నన్ను వదిలి ఉండడం అదే మొదటిసారి. వాడికి ఇష్టమని తెల్లవారుజామున మూడింటికి లేచి సున్నుండలు చుట్టాను. దాంతో ఆలస్యమైంది. ప్లాట్‌ఫాం మీదికి వచ్చేసరికి బండి కదలబోతోందని స్టేషన్‌లో వేసే పాట వినిపిస్తోంది. ఎదురుగా కనిపించిన తలుపులోకి దూకాను. ఎర్ర బండి అని చూశాను కూడా. ఎక్కేశాను కదా, లోపల్నుంచి నడుచుకుంటూ నా బోగీకి వెళ్ళొచ్చు అనుకున్నాను.

పదకొండో బోగీ చివరికి వెళ్తే గోడ ఉంది. దాని వెనక డ్రైవర్ గది.

ఒమియాలో దిగి మారొచ్చు. బండి ఆగేది నిమిషమే, ఈలోపు తలుపులు మూసుకుంటే ఎలా అని కదల్లేదు. సెండాయ్‌లో మారదాంలే అనుకుని ఖాళీ సీటులో కూర్చున్నాను. కాళ్ళ దగ్గర వెచ్చగా గాలి వస్తోంది, రాత్రంతా నిద్ర లేదు. పక్కన ఒక పెద్దావిడ ఉంది. సెండాయ్ రాగానే లేపమని ఆవిణ్ణి అడిగితే సరిపోయేది. నా జపనీస్ బాగుండదని సిగ్గుపడి నోరు విప్పలేదు. దానికి ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. నువ్వు అలా సిగ్గుపడ్డావని తెలిస్తే నిన్నూ తిడతాను.

టింగ్ టింగ్ అని రైల్వే గేటు గంట వినిపించి మెలకువ వచ్చింది. షింకన్‌సెన్ లైన్‌కి రోడ్డు గేట్లు ఉండవు. కిటికీలోంచి చూస్తే ఇటూ అటూ మంచు మోస్తున్న చెట్లు, బండి మామూలు రైలులా మెల్లగా పోతోంది. మొరియొకా దాటిపోయింది. ఫోన్ తీశాను, మీ పెదనాన్నగారి నంబరు నొక్కేలోపే చార్జింగ్ అయిపోయింది. అవతల స్టేషన్‌లో బాబు గేటు వైపే చూస్తూ ఉంటాడు. నేను అందరి ముందూ ఏడ్చాను, అమ్మలూ.

టికెట్లు చూసే కుర్రాడు వచ్చాడు. నీకంటే రెండేళ్ళు పెద్దవాడై ఉంటాడు. నా టికెట్ చూసి ఒక్క మాట అనలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, కాగితం చింపి, నెమ్మదిగా మూడు వరసలు రాశాడు: తజావాకోలో దిగాలి, మొరియొకాకి వెనక్కి వెళ్ళాలి, అక్కణ్ణుంచి షిన్-ఆవొమొరి. ప్రతి వరసకీ టైమూ ప్లాట్‌ఫాం నంబరూ వేశాడు. నాకు అర్థమైందో లేదోనని అంకెల కింద గీతలు కూడా గీశాడు. పక్కావిడ నా చేతిలో ఒక కమలాపండు పెట్టింది. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో పట్టుచీరల కింద ఉంది.

చేరేసరికి దాదాపు మూడు గంటలు ఆలస్యం. బాబు వాళ్ళ నాన్న భుజం మీద నిద్రపోతున్నాడు, బుగ్గల మీద కన్నీళ్ళ చారలు ఎండిపోయి ఉన్నాయి. లేచి, "అమ్మా, నువ్వు వేరే రైలుతో వెళ్ళిపోయావా?" అన్నాడు. ఆ తర్వాత ఏడాది పాటు ఏ స్టేషన్‌కి వెళ్ళినా నా కొంగో, కోటు అంచో వదల్లేదు. ఇప్పుడు నా ఎత్తు పెరిగాడు, వాడికి అది గుర్తు కూడా లేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఏమిటంటే, ఈ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. విజయవాడలో లింకు బోగీలు విడదీసి వేరే బండికి తగిలించే రోజుల్లో మీ తాతయ్య నా చెయ్యి పట్టుకుని బోగీ బోగీకీ ఆగేవారు. "బోర్డు చదవకుండా కాలు పెట్టకమ్మా" అనేవారు. జపాన్‌లో అన్నీ సవ్యంగా ఉంటాయి కదా అని ఆ మాట మర్చిపోయాను.

షిన్-ఆవొమొరిలో దిగాక హిరొసాకికి మామూలు రైలు ఎక్కుతావు. ఆ చలి ఊళ్ళలో తలుపు దానంతట అది తెరుచుకోకపోవచ్చు, పక్కనున్న బటన్ నొక్కాలి. లోపలికి వెళ్ళాక మళ్ళీ నొక్కి మూసెయ్యి, కూర్చున్నవాళ్ళకి చలి కొడుతుంది. బూట్లు అడుగు జారనివి కొనుక్కో, డబ్బులు నేను పంపుతాను. మీ అమ్మతో అనకు.

నీ బండి ఎనిమిదింటికి అన్నావు కదా. అది మొరియొకా చేరేసరికి మాకు ఇక్కడ ఉదయం ఏడు కూడా కాదు. నేను అప్పటికే లేచి, కాఫీ పెట్టుకుని, ఫోన్ దగ్గర కూర్చుంటాను. సీటులో కూర్చోగానే నీ బోగీ నంబరు ఫోటో తీసి పంపు. పదిలోపు అంకె కనిపించాకే కాఫీ తాగుతాను.

మీ పెద్దమ్మ
రాజమండ్రి