‘నిర్ణయించుకుంటుంది’ అన్న మాట గురించి

పర్లాకిమిడి

చిరంజీవికి ఆశీస్సులు.

బరంపురం నుంచి నీవు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. గ్లూకోజు, లాక్టోజు అనే చక్కెరలు రెండూ ఉన్నచోట ఈ-కోలై బాక్టీరియా ముందు గ్లూకోజునే వాడుకుని, అది అయిపోయాక కాసేపు పెరుగుదల ఆగి, ఆపైన లాక్టోజుతో మళ్ళీ పెరుగుతుందన్న సంగతితో మొదలుపెట్టడం నాకు ఎంతో నచ్చింది. ఆ వెంటనే “బాక్టీరియా పరిస్థితిని గమనించి, ఏ జన్యువు అవసరమో నిర్ణయించుకుంటుంది” అని రాశావు. నా అభ్యంతరమంతా ఆ వాక్యం మీదే.

ఆ కణంలో నిర్ణయించేవారెవరూ లేరమ్మా. లాక్టోజును విడగొట్టే ఎంజైము జన్యువుకు ముందున్న డీఎన్‌ఏను ఒక నిరోధక ప్రోటీను పట్టుకుని ఉన్నంతసేపు ఆ జన్యువుకు ఆర్‌ఎన్‌ఏ నకలు దాదాపు తయారుకాదు. లాక్టోజులో కొంత అల్లోలాక్టోజుగా మారి ఆ ప్రోటీనుకు అతుక్కుంటే, దాని ఆకారం మారి పట్టు సడలుతుంది. గ్లూకోజు తగ్గినప్పుడు పెరిగే సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు మరొక ప్రోటీనుతో కలిసి ఊతమిస్తేనే నకళ్ళు జోరుగా తయారవుతాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, నీ వ్యాసానికి ప్రాణం అదే. లాక్టోజును లోపలికి తెచ్చే ప్రోటీను జన్యువు కూడా అదే వరుసలో, అదే కట్టడి కింద ఉంది. లాక్టోజును అల్లోలాక్టోజుగా మార్చేది కూడా ఆ ఎంజైమే. అయితే మొదటి లాక్టోజు లోపలికి ఎలా వచ్చింది? నిరోధక ప్రోటీను అప్పుడప్పుడు డీఎన్‌ఏను వదిలి మళ్ళీ పట్టుకుంటుంది; ఆ స్వల్ప వ్యవధిలో తయారైన కొద్దిపాటి ప్రోటీన్లే దారి తెరుస్తాయి. ‘నిర్ణయించుకుంటుంది’ అని రాస్తే పాఠకుడికి ఈ ప్రశ్నే పుట్టదు.

చరిత్రకు రెండు వాక్యాలు చాలు. రెండంచెల పెరుగుదలను జాక్ మోనో 1941 నాటికే గమనించినా, ఫ్రాంస్వా జాకబ్‌తో కలిసి ఒపెరాన్ (ఒకే కట్టడి కింద వరుసగా ఉండే జన్యువుల గుంపు) సిద్ధాంతాన్ని ప్రకటించింది 1961లో. నిరోధకం ఆర్‌ఎన్‌ఏ కావచ్చని అప్పట్లో వారు భావించారు. అది ప్రోటీనని 1966లో గిల్బర్ట్, ముల్లర్-హిల్ దాన్ని వేరుచేసి చూపారు.

మనవైపు పిల్లలు బడిలో ఈ పాఠాన్ని ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుతారు. తెలుగులో మొదటిసారి నీ వ్యాసంలోనే చూడవచ్చు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరి నుంచి రాస్తున్నాను కనుక అడుగుతున్నాను: ‘ఒపెరాన్’ను అలాగే ఉంచు, కొత్త సంస్కృత సమాసం కల్పించకు. ‘జన్యు వ్యక్తీకరణ’ అన్నచోట మాత్రం, జన్యువులోని సమాచారంతో ప్రోటీను తయారుకావడమని ఒకసారి విప్పి చెప్పు.

ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని తయారుచేసే జన్యువుల ఉదాహరణను కూడా చేర్చు. అక్కడ పద్ధతి తిరగబడుతుంది, ట్రిప్టోఫాన్ అతుక్కున్నప్పుడే నిరోధకం డీఎన్‌ఏను పట్టుకుంటుంది. తిరగరాసిన ప్రతిని పంపు, ఎదురుచూస్తుంటాను.