విచారణకు వెళ్లబోయే మేనకోడలికి

చెన్నై, మాంబళం

చి. సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

తమిళనాడు ప్రభుత్వ పింఛనుదారుల ఆరోగ్య బీమా పథకం కింద మీ అత్తగారి ఆసుపత్రి ఖర్చు ఇవ్వబోమని ఇన్సూరెన్సు కంపెనీ రాసిందనీ, కలెక్టరు అధ్యక్షతన ఉండే కమిటీకి అప్పీలు పెడుతున్నారనీ తెలిసింది. నువ్వు పంపిన నాలుగు పేజీల అర్జీ చదివాను. చదివినవాళ్లకు కళ్లు చెమ్మగిల్లుతాయి, సందేహం లేదు. కానీ దాన్ని దాఖలు చేయకు. అందులో అన్నీ ఉన్నాయి, కంపెనీ చెప్పిన కారణానికి జవాబు తప్ప.

తిరస్కరణ కాగితం మళ్లీ తీసి చూడు. పథకం గుర్తించిన ఆసుపత్రుల జాబితాలో లేని ఆసుపత్రిలో చేరారు కాబట్టి చెల్లించం అన్న ఒక్క వాక్యమే ఉంది. నీ కేసు మొత్తం ఆ వాక్యమే. 2022 జూలై నుంచి ఆవిడ పింఛనులో ఈ పథకానికి నెలనెలా 497 రూపాయలు కోశారన్నది వాళ్లు కాదనలేదు. నాలుగేళ్లకు అయిదు లక్షల వరకు వర్తిస్తుందన్నదీ కాదనలేదు. గుండెపోటు అబద్ధమనలేదు, బిల్లులు దొంగవనలేదు. ముప్పై ఏళ్లు బడిలో పాఠం చెప్పిన మనిషికి ఈ గతి పట్టిందేమిటని నువ్వు రెండు పేజీలు రాశావు. న్యాయమైన కోపమే, కానీ ఆ కమిటీ దగ్గర దానికి చెల్లుబాటు లేదు. వాళ్ల ముందు ఆ రోజు ఎన్నో దస్త్రాలుంటాయి. నీ దస్త్రం తెరవగానే ఆ ఒక్క కారణానికి సమాధానం కనబడాలి.

ఆ సమాధానం 'ప్రాణాపాయం' అన్న మాటలో ఉంది. దాన్ని నువ్వు చెబితే సరిపోదు, ఆసుపత్రి కాగితాలు చెప్పాలి. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే పట్టుకుని వెళ్లేవాళ్లను చాలామందిని చూశాను. అందులో జబ్బు పేరు, వేసిన స్టెంటు, వాడాల్సిన మందులు ఉంటాయి. ఎంత అత్యవసరంలో చేరారన్నది చాలాసార్లు ఉండదు. అది కేస్ షీటులో ఉంటుంది. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఆసుపత్రి గడప ఎప్పుడు తొక్కారు, మొదటి ఈసీజీ ఎన్ని గంటలకు తీశారు, అప్పుడు రక్తపోటు ఎంత, ఆపరేషన్ గదిలోకి ఎప్పుడు తీసుకెళ్లారు, ఇవన్నీ గంటలు నిమిషాలతో నమోదై ఉంటాయి. ఆ నకళ్లు అడగడం మీ హక్కు. 2002 నాటి వైద్య మండలి నియమావళి ప్రకారం రోగి గానీ రోగి తరఫున అధికారం ఉన్నవారు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. నోటిమాటగా అడిగితే రికార్డుల గది వాళ్లు రేపు రమ్మంటారు. రాతపూర్వకంగా అడిగి, ఆ ఉత్తరం నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకో.

తర్వాత చికిత్స చేసిన డాక్టరు దగ్గర ఒక ధ్రువపత్రం తీసుకో. 'అత్యవసరంగా చేర్చుకున్నాం' అని రాసిస్తే పుచ్చుకుని వచ్చేయకు. ఆ స్థితిలో రోగిని మరో ఆసుపత్రికి తరలించడం ఎందుకు ప్రమాదమో రెండు వాక్యాలు రాయమని బతిమాలు. కంపెనీ అడిగేది అదే కదా, జాబితాలో ఉన్న ఆసుపత్రికి ఎందుకు వెళ్లలేదని. ఆ రోజుకి జాబితాలో ఉన్నవాటిలో మీ ఇంటికి దగ్గరిది ఏదో, ఎన్ని కిలోమీటర్ల దూరమో చూసి ఒక కాగితం మీద రాయి. 108 అంబులెన్సులో తీసుకెళ్లారు కాబట్టి ఆ వివరమూ జతచేయి.

ఇక చట్టం సంగతి. 2018 ఏప్రిల్‌లో శివకాంత్ ఝా కేసులో సుప్రీంకోర్టు, ఆసుపత్రి పేరు జాబితాలో లేదన్న ఒక్క కారణంతో వైద్య ఖర్చు నిరాకరించకూడదని చెప్పింది. చికిత్స నిజంగా జరిగిందా, దానికి వైద్యుల ధ్రువీకరణ ఉందా అన్నదే చూడాలంది. ఆయన కేంద్ర ప్రభుత్వ పింఛనుదారు, అది వేరే పథకం. ఆ తేడా కంపెనీ మనిషి ఎత్తిచూపుతాడు. మద్రాసు హైకోర్టు మన రాష్ట్ర పింఛనుదారుల కేసుల్లోనూ ఆ తీర్పును ఆధారం చేసుకుందని చెప్పు. తీర్పు మొత్తం అచ్చువేసి ఇవ్వకు, ఎవరూ చదవరు. మొదటి పేజీ, ఆ పేరా ఉన్న పేజీ చాలు, గీత గీసి పెట్టు.

అర్జీ ఒక్క పేజీలో, తమిళంలో ఉండాలి. అది మీ అత్తగారి చేతే రాయించు. ఇంట్లో మనం తెలుగు మాట్లాడుకున్నా ఆవిడ జీవితమంతా నల్లబల్ల మీద రాసింది తమిళమే. ఆ దస్తూరి చూస్తే నీకే ముచ్చటేస్తుంది. కాగితాలన్నిటికీ వరుస నంబర్లు వేసి మూడు సెట్లు తయారుచేయండి. రాజాజీ సాలైలోని కలెక్టరు కార్యాలయంలో ఇచ్చి రసీదు నంబరు తీసుకోవడం మరచిపోవద్దు.

విచారణ రోజు కంపెనీ తరఫు మనిషి కాగితంలో లేని కారణం తీయవచ్చు, ఆలస్యంగా దరఖాస్తు చేశారనో, మరొకటో. అధికారులు ఇచ్చిన ఉత్తర్వు అందులో రాసిన కారణాలతోనే నిలవాలని మొహిందర్ సింగ్ గిల్ కేసులో 1977లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయితే నువ్వు అక్కడ వకీలులా ఆ పేరు ఎత్తనక్కర్లేదు. 'మాకిచ్చిన కాగితంలో ఆ కారణం లేదండి, రాసిస్తే జవాబిస్తాం' అను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ వద్దు. మీ అత్తగారు కూర్చోగలిగితే వెంట తీసుకెళ్లు, కానీ ఆవిడను ఏడవనివ్వకు. నువ్వూ ఏడవకు.

కొంత మొత్తమే ఇస్తామంటే ఏ పద్దు ఎందుకు తగ్గించారో లెక్క రాసివ్వమను. లేకపోతే ప్యాకేజీ రేటు, అంటే ఆ చికిత్సకు ముందే కట్టిన ధర, అని ఒక్క మాటతో సరిపెడతారు.

కాదంటే కారణాలతో కూడిన ఉత్తర్వు నకలు అడుగు. ఇవ్వకపోతే పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టు, 30 రోజుల్లో జవాబివ్వాలి. తర్వాత రాష్ట్ర స్థాయి కమిటీ ఉంది, హైకోర్టు ఉంది. వకీలు ఖర్చుకు భయపడకు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. వచ్చిన దాంట్లో పదో వంతు ఇస్తే పని చేయించిపెడతామనేవాళ్లు ఆ వరండాలో తగులుతారు. వాళ్లతో కాఫీ కూడా తాగకు.

అర్జీ రాయగానే ఫోటో తీసి పంపు. ఆవిడ తమిళం దిద్దే సాహసం చేయను గానీ, తేదీలూ అంకెలూ సరిచూసి పంపుతాను.

మామయ్య