ఎవాన్స్ అంతరీపమా, ఎవాన్స్ అగ్రమా?

సందేహం: అంటార్కిటికా యాత్రల గురించి రాస్తూ కేప్ ఎవాన్స్‌ను ‘ఎవాన్స్ అంతరీపం’ అన్నాను. సంపాదకులు ‘అగ్రం’ అని దిద్దారు. ఏది సరి? ఇలాంటి పేర్లను పూర్తిగా తెలుగు చేయవచ్చా?

సమాధానం: సంపాదకుల దిద్దుబాటే సరి. సముద్రంలోకి పొడుచుకువచ్చిన నేలను అంతరీపం అనడం హిందీ వాడుక. సంస్కృతంలో అది ద్వీపానికి పర్యాయపదం. అమరకోశం రెండు మాటలనూ ఒకేచోట చెప్పింది. అందువల్ల ‘ఎవాన్స్ అంతరీపం’ అంటే ఎవాన్స్ దీవి అన్న అర్థం వస్తుంది. ఇక్కడ ఆ పొరపాటు మరీ ఇబ్బంది, ఎందుకంటే ఆ చోటు ఉన్నదే రాస్ దీవి పడమటి తీరాన. మన భూగోళ పాఠాల్లో గుడ్‌హోప్ అగ్రం ఎప్పుడో స్థిరపడింది. ‘భూశిరం’ కూడా తప్పు కాదు గాని, ఒక వ్యాసంలో రెండూ కలపవద్దు.

పేరును తెలుగు చేయవచ్చా అన్నది ఆ పేరు ఎలా పుట్టిందో చూసి తేల్చాలి. బ్రిటిష్ అన్వేషకుడు కెప్టెన్ స్కాట్ మొదటి అంటార్కిటికా యాత్రలో (1901–04) ఈ చోటును స్కువరీ అన్నారు, అక్కడ స్కువా పక్షులు ఎక్కువ గనుక. అది వర్ణన, ‘స్కువాల నెలవు’ అని హాయిగా రాయవచ్చు. 1911 జనవరిలో స్కాట్ మళ్లీ వచ్చి అక్కడే స్థావరం కట్టి, యాత్రలో తన తర్వాతి స్థానంలో ఉన్న లెఫ్టినెంట్ ఎడ్వర్డ్ ఎవాన్స్ పేరు పెట్టాడు. మనిషి పేరు కాబట్టి దాన్ని కదపకూడదు. ధ్రువం నుంచి తిరిగివస్తూ 1912 ఫిబ్రవరిలో మరణించిన ఎడ్గార్ ఎవాన్స్ వేరే మనిషి. ‘అమరుడైన ఎవాన్స్ పేరు’ అని మాత్రం రాయకండి.

1841లో బ్రిటిష్ నావికుడు జేమ్స్ క్లార్క్ రాస్ అంటార్కిటికాలో పెట్టిన పేర్లూ ఇలాంటివే. అడేర్ అగ్రం ఒక బ్రిటిష్ ప్రభువు పేరు, క్రోజియర్ అగ్రం ‘టెర్రర్’ ఓడ కెప్టెన్ పేరు.

‘కేప్ ఎవాన్స్ అగ్రం’ అంటే ఒకే మాట రెండుసార్లు అన్నట్టే. సంధి చేసి ‘ఎవాన్సగ్రం’ అనీ రాయవద్దు. అసలు పేరు చెడుతుంది. వ్యాసంలో మొదటిసారి ‘ఎవాన్స్ అగ్రం (కేప్ ఎవాన్స్)’ అని రాస్తే పటంలో వెతికేవారికి సాయం. ఆ తర్వాత ఎవాన్స్ అగ్రానికి, ఎవాన్స్ అగ్రం మీద అంటే చాలు. స్కాట్ గుడిసె గురించి చెప్పేటప్పుడు ‘అగ్రంలో’ కన్నా ‘అగ్రం మీద’ అన్నదే నప్పుతుంది.