హోమ్‌స్కూల్ రికార్డులకి ఆ ప్లానర్ చాలు, రాసే పద్ధతి మార్చండి

ప్రశ్న: మేం అమెరికాలో, జార్జియా రాష్ట్రం కమ్మింగ్‌లో ఉంటాం. ఈ ఆగస్టు నుంచి మా అమ్మాయిని స్కూలు మాన్పించి ఇంట్లోనే తొమ్మిదో గ్రేడ్ చదివిస్తున్నాను. డాక్టర్ కావాలని దాని ఆశ. రికార్డుల కోసమని ఒక స్టూడెంట్ ప్లానర్, అంటే ఏ రోజు ఏం చదవాలో రాసుకునే గడుల పుస్తకం, కొన్నాను. మొదటి నెల బాగానే రాశాం, తర్వాత మూడు నెలలు ఖాళీ. ఇది రేపు కాలేజీ అడ్మిషన్లకి పనికొస్తుందా, లేక ఏదైనా సాఫ్ట్‌వేర్ కొనాలా? ఆ ఖాళీ పేజీల సంగతేంటి? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, సాఫ్ట్‌వేర్ ఏమీ కొనకండి. మీ చేతిలో ఉన్న ప్లానర్ చాలు.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం, మీ టెన్షన్ సగం అక్కడే తగ్గుతుంది. జార్జియాలో ఇంట్లో చదివించేవాళ్లు ఏటా సెప్టెంబరు 1 లోపల రాష్ట్ర విద్యాశాఖకి డిక్లరేషన్ ఆఫ్ ఇంటెంట్, అంటే ఇంట్లో చదివిస్తున్నామని తెలిపే పత్రం, పంపాలి. అది మీరు పంపే ఉంటారు, దాని ప్రింట్ తీసి ప్లానర్ అట్ట లోపలివైపు అంటించేయండి. 12 నెలల్లో 180 రోజులు, రోజుకి నాలుగున్నర గంటలు చదువు సాగాలి. రీడింగ్, లాంగ్వేజ్ ఆర్ట్స్, మ్యాథ్స్, సోషల్, సైన్స్ తప్పనిసరి. ఏడాది చివర ఈ అయిదింటిలోనూ పిల్ల ఎంతవరకు వచ్చిందో మీరే ఒక రిపోర్టు రాసి కనీసం మూడేళ్లు దాచాలి, ఎవరికీ పంపనక్కర్లేదు. ఇంకొకటి, మూడో గ్రేడ్ చివర మొదలుపెట్టి మూడేళ్లకోసారి స్టాండర్డైజ్డ్ టెస్ట్, అంటే పిల్లలందరికీ ఒకే కొలతతో మార్కులు వేసే పరీక్ష, రాయించాలి. అంటే మీ అమ్మాయికి ఆ టెస్ట్ ఈ ఏడాదే.

రోజూ ప్లానర్ రాయమని మాత్రం జార్జియా చట్టం అడగలేదు. మరి ఎందుకు రాయాలంటే, కాలేజీకి అప్లై చేసే రోజు వస్తే కామన్ యాప్‌లో, అంటే చాలా కాలేజీలకి ఒకేచోట అప్లై చేసే వెబ్‌సైట్‌లో, స్కూలు కౌన్సిలర్ పాత్ర మీదే. ట్రాన్స్‌క్రిప్ట్, అంటే కోర్సులు, గ్రేడ్‌ల పట్టిక, మీరే తయారుచేయాలి, ఏ కోర్సులో ఏం చెప్పారో మీరే రాయాలి, గ్రేడ్ ఎలా వేశారో కూడా మీరే చెప్పాలి. ఆ పని మీద పడేది పన్నెండో గ్రేడ్ మొదట్లో, ఇంకా దాదాపు మూడేళ్లకి. అప్పుడు కూర్చుని, తొమ్మిదిలో బయాలజీకి ఏ పుస్తకం వాడాం, ఎన్ని ల్యాబ్‌లు చేశాం అని తలచుకుంటే ఎవరికి గుర్తుంటుంది చెప్పండి!

ఇక ప్లానర్ ఎందుకు మూలపడిందో చూద్దాం. చాలా ఇళ్లల్లో ఆదివారం రాత్రి కూర్చుని వారం మొత్తానికీ పెన్నుతో ప్లాన్ రాసేస్తారు, బుధవారం పిల్లకి జ్వరం వస్తుంది, గురువారం ఇంటికి చుట్టాలొస్తారు, రాసినదానికీ జరిగినదానికీ పొంతన ఉండదు, కొట్టివేతలు చూసి మనసు చివుక్కుమని ప్లానర్ సొరుగులోకి పోతుంది. మీ ఇంట్లోనూ ఇలాంటిదే జరిగి ఉంటుంది. ప్లాన్ పెన్సిల్‌తో రాయండి. జరిగింది మాత్రం పెన్నుతో, అదీ అమ్మాయి చేతే రాయించండి. రోజూ చదువు ముగిశాక పది నిమిషాలు చాలు.

ఎలా రాయాలన్నది ఇంకా ముఖ్యం. మంగళవారం సైన్స్ గడిలో 'బయాలజీ' అని ఒక్క మాట రాస్తే మూడేళ్ల తర్వాత దాన్ని చూసి మీరేం చెప్పగలరు? అదే గడిలో 'ఉల్లిపొర స్లైడ్, ఒక చుక్క అయోడిన్, మైక్రోస్కోప్ 100 రెట్లు, కణం గోడలు కనిపించాయి, బొమ్మ గీశాను, 1 గం. 10 ని.' అని ఉంటే అది ల్యాబ్ రికార్డు. డాక్టర్ కావాలనుకునే పిల్లకి ఇది బాగా అవసరం, ఎందుకంటే ఇంట్లో సైన్స్ చదివారంటే ల్యాబ్‌లు నిజంగా చేశారా అన్న అనుమానం మొదట వస్తుంది. ఆ బొమ్మ గీసిన కాగితం, స్లైడ్ ఫోటో ఒక ఫోల్డర్‌లో పెట్టి దాని మీద తేదీ వేయండి.

నెలాఖరున సబ్జెక్టువారీగా గంటలు కూడి వెనక పేజీలో వేసుకోండి. హైస్కూల్లో ఒక కోర్సుకి 120 నుంచి 150 గంటలైతే ఒక క్రెడిట్ అని సాధారణంగా లెక్క. జార్జియా ప్రభుత్వ యూనివర్సిటీలు 17 యూనిట్లు (ఒక ఏడాది కోర్సు ఒక యూనిట్) అడుగుతాయి: ఇంగ్లీష్ 4, మ్యాథ్స్ 4, సైన్స్ 4, సోషల్ 3, ఒకే విదేశీ భాష 2. మీ అమ్మాయి తెలుగు క్లాసులకి వెళ్తుంటే ఆ గంటలు కూడా రాసిపెట్టి, విదేశీ భాష కింద తీసుకుంటారా అని మీరు అనుకుంటున్న యూనివర్సిటీ అడ్మిషన్ ఆఫీసుని ఇప్పుడే ఈమెయిల్‌లో అడగండి, వచ్చిన జవాబు ప్రింట్ తీసి దాచండి. గుడిలో వడ్డన చేసినా, ఫుడ్ బ్యాంకులో సర్దినా, తేదీ, గంటలు రాసి అక్కడి ఇన్‌చార్జి సంతకం ఆ రోజే తీసుకోండి.

ప్రతి శుక్రవారం ఆ వారం పేజీని ఫోన్‌లో ఫోటో తీయండి. నా సలహా తీసుకున్న ఒక కుటుంబం ఇల్లు మారేటప్పుడు రెండేళ్ల ప్లానర్లు పోగొట్టుకుంది, ఆ తల్లి ఎంత బాధపడిందో నాకు తెలుసు.

అన్నట్టు, మనవాళ్లు ఉద్యోగాల కోసం రాష్ట్రాలు మారుతుంటారు కదా. రేపు మీరు పెన్సిల్వేనియా వెళ్తే అక్కడి చట్టం ఏ రోజుది ఆ రోజు రాసిన లాగ్, చదివిన పుస్తకాల పేర్లతో సహా అడుగుతుంది. న్యూయార్క్‌లో అయితే మూడు నెలలకోసారి రిపోర్టు పంపాలి. జార్జియాలోనే ఉండి మళ్లీ పబ్లిక్ స్కూల్లో చేర్చినా, ఇంటి క్రెడిట్లను స్కూలు నేరుగా వేసుకోదు, సరిచూసుకుంటుంది. ఎటు వెళ్లినా ఈ ప్లానరే మీకు ఆధారం.

ఇక ఆ మూడు నెలల ఖాళీ. దయచేసి గుర్తున్నట్టుగా గంటలు వేసి నింపొద్దు. రోజూ 50 నిమిషాలు, 50 నిమిషాలు అని ఒకే చేతిరాతలో, ఒకే పెన్నుతో ఉంటే చూసినవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది, తర్వాత మీరు రాసిన నిజం కూడా నమ్మరు. ఫోన్‌లో ఫోటోలు, లైబ్రరీ ఖాతాలో తీసుకున్న పుస్తకాల లిస్టు, ఖాన్ అకాడమీ లాంటి ఆన్‌లైన్ పాఠాల సైట్లు వాడితే అందులో ఉండే పాఠాల తేదీలు, తేదీ వేసిన నోట్స్, ఇవన్నీ ముందు పోగేయండి. విడిగా ఒక కాగితం మీద సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు అని నెలవారీగా ఏం చదివిందో రాసి, ఏ ఆధారంతో రాశారో పక్కన పెట్టి, కింద రాసిన రోజు తేదీ వేసి, ఆ పేజీల దగ్గర క్లిప్ చేయండి. దొరకనిది వదిలేయండి. సంవత్సరం ఇంకా సగం పైనే మిగిలి ఉంది, గంటలు తక్కువ పడితే జూన్, జూలైలో చదివించుకోవచ్చు, చట్టం 12 నెలల గడువు ఇచ్చింది.

ఈ వారాంతం అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఇద్దరూ కలిసి ఈ పని చేయండి. జనవరిలో ఆ స్టాండర్డైజ్డ్ టెస్ట్ ఎవరు పెడుతున్నారో కనుక్కుని బుక్ చేయండి. తేదీ ఖాయం కాగానే దాన్ని మాత్రం ముందుగానే పెన్నుతో రాసేయండి.