ఊళ్ళో ఇద్దరే ఉంటున్న పెద్దవాళ్ళని దూరం నుంచి ఎలా చూసుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: నాన్నగారికి 76, అమ్మగారికి 71, భీమవరంలో సొంతింట్లో ఇద్దరే ఉంటారు. మీరు పుణెలో, మీ అన్నయ్య డాలస్‌లో. పోయిన నెల అమ్మగారు బాత్రూంలో పడ్డారు, ఎముక విరగలేదు కానీ అప్పట్నుంచి మీకు నిద్ర లేదు. ఇద్దరూ పుణె రామంటున్నారు. బలవంతంగానైనా తీసుకొచ్చెయ్యాలా, మీరే ఉద్యోగం మానేసి వెళ్ళిపోవాలా అని.

ప్రస్తుతానికి రెండూ వద్దండి. ముందు ఆ ఇంటినీ, ఆ చుట్టుపక్కల మనుషుల్నీ సిద్ధం చెయ్యండి. మా అమ్మానాన్న తెనాలిలో ఉంటారు, నేను హైదరాబాద్‌లో, తమ్ముడు సింగపూర్‌లో. కొన్నేళ్ళుగా నేను చేస్తున్నది ఇదే కాబట్టి మాకు పనికొచ్చినవే రాస్తున్నాను. రామనడాన్ని మొండితనం అనుకోకండి. భీమవరంలో మీ నాన్నగారు పొద్దున్నే పేపరు పట్టుకుని అరుగు మీద కూర్చుంటే నలుగురు పలకరిస్తారు, అమ్మగారు మావుళ్ళమ్మ గుడికి వెళ్తే తెలిసినవాళ్ళు కనబడతారు. పుణెలో మీరంతా ఆఫీసులకీ స్కూళ్ళకీ వెళ్ళిపోయాక, భాష రాని చోట, తలుపేసుకున్న ఫ్లాట్‌లో సాయంత్రం దాకా వాళ్ళేం చెయ్యాలి? వాళ్ళలో ఒక్కరే మిగిలినప్పుడో, పొయ్యి కట్టెయ్యడం మర్చిపోయే స్థితి వచ్చినప్పుడో మాట మారుతుంది. అప్పటిదాకా వాళ్ళ ఇల్లు వాళ్ళదే.

అన్నిటికన్నా ముందు అమ్మగారు ఎందుకు పడ్డారో తేల్చండి. కాలు జారిందా, కళ్ళు తిరిగాయా? రెండూ వేరు. జారితే బాత్రూం బాగుచెయ్యాలి, కళ్ళు తిరిగితే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. "ఏం లేదురా, జారానంతే" అని అమ్మలు అలవాటుగా అనేస్తారు కాబట్టి పడే ముందు ఏం చేస్తున్నారో అడగండి. మంచం మీద నుంచి లేచిన వెంటనేనా, కమోడ్ మీద నుంచి లేస్తూనా, రాత్రా పగలా అని. లేవగానే తూలినట్టయితే పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి బీపీ చూడమని డాక్టర్‌ని అడగండి. చాలామంది పెద్దవాళ్ళకి నిలబడగానే బీపీ పడిపోతుంది, కూర్చుని చూస్తే మామూలుగానే ఉంటుంది. ఎలాగూ వెళ్తారు కాబట్టి ఎముకల బలం చూసే డెక్సా పరీక్ష సంగతి కూడా అడగండి.

ఇక బాత్రూం. మా నాన్న కమోడ్ మీద నుంచి లేచేటప్పుడు టవల్ వేసుకునే రాడ్ పట్టుకుని లేచేవారు. ఆ రాడ్ రెండు చిన్న స్క్రూల మీద ఉంటుంది, మనిషి బరువు పడితే గోడలోంచి ఊడి చేతికొస్తుంది. దాన్ని తీసేయించి, గోడకి లోతుగా డ్రిల్ చేసి బిగించే స్టీలు పట్టుకమ్ములు పెట్టించాం, కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసే చోట ఒకటి. ప్లంబర్ ఎత్తు అడిగితే లెక్క చెప్పకండి. నాన్నగారిని కూర్చోబెట్టి, లేచేటప్పుడు ఆయన చెయ్యి ఎక్కడికి వెళ్తుందో అక్కడే గుర్తు పెట్టించండి. నున్నటి టైల్స్ అయితే మీద రబ్బరు మ్యాట్, స్నానానికి కాళ్ళకి రబ్బరు తొడుగులున్న గట్టి ప్లాస్టిక్ స్టూలు, మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా వెలిగే చిన్న లైటు పెట్టించండి. తలుపు సంగతి ఎవరూ ఆలోచించరు. లోపలికి తెరుచుకునే తలుపయితే లోపల పడిన మనిషి దానికి అడ్డంగా పడిపోతారు, బయటివాళ్ళు తెరవలేరు. బయటికి తెరుచుకునేలా మార్పించండి, వీలుకాకపోతే కనీసం లోపల గడియ పెట్టుకోవద్దని ఒప్పించండి. మా అమ్మ ఒప్పుకోవడానికి కాస్త టైం పట్టింది. "నీ కోసం కాదమ్మా, నా టెన్షన్ తగ్గడానికి" అన్నాక సరేనంది. ఏ మార్పయినా వాళ్ళ ముసలితనం పేరు చెప్పి కాకుండా మన మనశ్శాంతి పేరు చెప్పి అడిగితే తొందరగా ఒప్పుకుంటారు.

తర్వాత మందులు. ఈసారి వెళ్ళినప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ, డబ్బాల్లోవి, ఫ్రిజ్ మీదవి, దేవుడి గదిలోవి కూడా, తెచ్చి మంచం మీద పరచండి. మేం అలా పరిస్తే నాన్న రోజూ వేసుకుంటున్న రెండు షీట్ల మీద పేర్లు వేరు, రంగు వేరు, కానీ కింద చిన్న అక్షరాల్లో రెంటి మీదా టెల్మిసార్టాన్ (బీపీ మందు) అనే ఉంది. ఒకటి ఎప్పట్నుంచో చూస్తున్న ఫిజీషియన్ రాసింది, ఇంకోటి గుండె డాక్టర్ రాసింది, ఒకరు రాసింది ఇంకొకరికి తెలియదు, నాన్నకి రెండూ డాక్టర్లు రాసినవే. పొద్దున్నే తల తేలిగ్గా ఉంటోందని ఆయన అంటుంటే వయసు అనుకున్నాం. ఫిజీషియన్‌కి రెండు షీట్లూ చూపిస్తే ఒకటి ఆపించారు, ఆ తూలడం తగ్గింది. మీరు సొంతంగా ఏదీ ఆపకండి, అన్నీ ఒకే సంచిలో వేసుకుని ఒకే డాక్టర్ ముందు పెట్టండి. మోకాళ్ళ నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ లాంటివి కూడా ఆ సంచిలో ఉండాలి. రోజూ వాడితే అవి బీపీ పెంచుతాయి, కిడ్నీలని దెబ్బతీస్తాయి, పెద్దవాళ్ళు వాటిని మందుల లెక్కలోనే వెయ్యరు. ఆ తర్వాత ఒక కాగితం మీద మందు పేరు, ఎందుకు, ఎప్పుడు అని పెద్ద తెలుగు అక్షరాల్లో రాసి ఫ్రిజ్‌కి అంటించండి, దాని ఫొటో మీ ఫోన్లో, అన్నయ్య ఫోన్లో ఉంచండి.

మనిషి సంగతి. దూరంలో ఉన్న కొడుకులు కూతుళ్ళు ఎంతమంది ఉన్నా, పిలిస్తే పావుగంటలో వచ్చే ఒక్క మనిషి వీధిలో ఉండాలి. మాకు పక్కింటి పిన్ని ఉంది, మా ఇంటి తాళంచెవి ఒకటి ఆవిడ దగ్గరే ఉంటుంది. ఎప్పుడు పిలిచినా వచ్చే ఆటో అబ్బాయి ఉన్నాడు, నెలకి ఇంత అని ఇస్తాం, ట్రిప్పులు ఉన్నా లేకపోయినా. ఊరికే సాయం చెయ్యమంటే ఎవరికైనా మొహమాటం, మనకీ అడగడానికి మొహమాటం. డబ్బు తీసుకోని పిన్ని లాంటివాళ్ళకి పండక్కి చీర పెట్టండి, వాళ్ళ పిల్లల చదువుల గురించి అడగండి, మీరు ఊరెళ్ళినప్పుడు ముందు వాళ్ళింటికి వెళ్ళి కూర్చోండి. పనమ్మాయినో అటెండెంట్‌నో పెట్టుకుంటే ఆధార్ కాపీ తీసుకోండి, ఆమె ఇల్లు ఎక్కడో చూసి రండి. ఒక పూట సెలవు, కడుపునిండా భోజనం, మర్యాద, ఇవి అమ్మగారి వైపు నుంచి ఉండేలా చూడండి. మంచి మనిషి మానేసి వెళ్ళిపోతే మళ్ళీ దొరకడం చాలా కష్టం.

ఎమర్జెన్సీ వస్తే ఏ హాస్పిటల్ అన్నది ఇప్పుడే తేల్చి పెట్టుకోండి. మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా అది పక్షవాతం కావచ్చు, మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే టైం, అందులోనే సీటీ స్కాన్ కూడా అవ్వాలి. కాబట్టి దగ్గర్లో స్కాన్, ఆ ఇంజెక్షన్ రెండూ 24 గంటలూ ఉండే ఆస్పత్రి ఏదో ఫోన్ చేసి కనుక్కుని 108 నంబరు పక్కనే గోడ మీద రాయండి. పడ్డాక తుంటి దగ్గర నొప్పితో లేవలేకపోతే పుత్తూరు కట్టు కట్టిద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. తుంటి ఎముక విరిగితే వినకండి. డాక్టర్ సరేనంటే ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ అయిపోయి మనిషి లేచి నడవాలి, మంచాన పడితే న్యుమోనియా, పుండ్లు వస్తాయి. ఇంకొకటి, నిన్నటిదాకా బాగున్న మనిషి ఒక్కరోజులో తికమకగా మాట్లాడితే, మనుషుల్ని గుర్తుపట్టకపోతే, అది వయసుతో వచ్చే మతిమరుపు కాదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు, సోడియం పడిపోయి ఉండొచ్చు. వెంటనే డాక్టర్‌కి చూపించి రక్తం, మూత్రం పరీక్షలు చేయించండి. మెల్లగా వచ్చే మతిమరుపుకి కూడా ముందు బీ12, థైరాయిడ్ చూపించండి, కొందరికి వాటిని సరిచేస్తేనే తేరుకుంటుంది.

డబ్బు, కాగితాలు. 70 దాటినవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు, 2024 అక్టోబర్ నుంచి. ఏడాదికి 5 లక్షల దాకా, ఆస్పత్రిలో చేరినప్పుడు, జాబితాలో ఉన్న ఆస్పత్రుల్లో. మీ ఇంట్లో ఇద్దరికీ అర్హత ఉంది, కాకపోతే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపే. ఆధార్‌లో పుట్టిన తేదీ సరిగ్గా ఉందో లేదో ముందు చూడండి, పేచీ అంతా అక్కడే వస్తుంది. నాన్నగారికి పెన్షన్ ఉంటే లైఫ్ సర్టిఫికెట్ కోసం ఆఫీసుకి తిప్పకండి. మా నాన్న రైల్వేలో చేశారు, వేళ్ళ గీతలు అరిగిపోయి బయోమెట్రిక్ పడేది కాదు. ఇప్పుడు జీవన్ ప్రమాణ్ యాప్‌లో ముఖం చూపిస్తే వరండాలో కూర్చునే అయిపోతోంది. కేంద్ర పెన్షనర్లు నవంబర్‌లో ఇవ్వాలి, 80 దాటినవాళ్ళు అక్టోబర్ 1 నుంచే ఇవ్వొచ్చు. ప్రైవేటు ఉద్యోగం చేసి ఈపీఎఫ్ పెన్షన్ తీసుకునేవాళ్ళు ఏడాదిలో ఎప్పుడిచ్చినా ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది.

బ్యాంకు ఖాతాలు, ఎఫ్‌డీలు ఇద్దరి పేరు మీదా "ఈదర్ ఆర్ సర్వైవర్" (ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవారు తీసుకోగలిగే) పద్ధతిలో ఉన్నాయేమో చూడండి. పవర్ ఆఫ్ అటార్నీ ఉంది కదా అని ధీమాగా ఉండకండి, రాసిచ్చిన మనిషికి మతి స్థిమితం పోతే మన చట్టంలో అది చెల్లదు, సరిగ్గా మనకి అవసరమైనప్పుడే పనికిరాదన్నమాట. ఇల్లు మాత్రం ఇప్పుడే మీ పేరున గిఫ్ట్ రాయించుకోకండి, మీరెంత మంచివాళ్ళయినా సరే. గిఫ్ట్ రిజిస్టర్ అయిన రోజే ఇల్లు వాళ్ళది కాకుండా పోతుంది. వీలునామా అయితే ఇద్దరు సాక్షుల సంతకాలతో రాసుకోవచ్చు, బతికున్నంతకాలం మార్చుకోవచ్చు. చూసుకుంటామన్న షరతు మీద రాయించుకుని తర్వాత వదిలేసిన పిల్లల దగ్గర్నుంచి ఆస్తి వెనక్కి తీసుకోవడానికి 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది, కానీ ఆ వయసులో ట్రిబ్యునల్ చుట్టూ తిరగాల్సిన అవసరం ఎందుకు రావాలి?

మీ అన్నయ్యతో మాట్లాడి ఒకటి తేల్చుకోండి. ఖర్చుకి విడిగా ఒక ఖాతా పెట్టి ఇద్దరూ నెలనెలా వెయ్యండి, అందులోంచే అటెండెంట్ జీతం, మందులు, ఆటో. లెక్కలు ఇద్దరికీ కనబడతాయి కాబట్టి మనస్పర్థలు రావు. మా తమ్ముడు ఎక్కువ వేస్తాడు, నేను ఎక్కువ వెళ్తాను, కానీ డాక్టర్‌తో మాట్లాడి వచ్చినవాళ్ళ మాటే ఆఖరి మాట అని ముందే అనుకున్నాం. ఎక్కడో కూర్చుని గూగుల్ చూసి రాత్రి పన్నెండింటికి ఫోన్‌లో వాదించడం వల్ల దగ్గరున్న మనిషి నలిగిపోతుంది. డాలస్‌లో ఉన్నా ఆయన చెయ్యగల పనులు బోలెడు. కరెంటు బిల్లు, మందుల ఆర్డర్, రోజూ ఒకే వేళకి వీడియో కాల్, ఇవన్నీ ఆయనకి అప్పజెప్పండి. ఆ కాల్‌లో "బాగున్నారా" అంటే "బాగున్నాం" అనే వస్తుంది, దాంతో ఏమీ తెలియదు. అమ్మగారిని వంటింట్లోంచి మాట్లాడమనండి, ఏం వండారో చూపించమనండి. రెండు రోజులుగా పచ్చడి మెతుకులతో సరిపెడుతున్నారంటే ఏదో బాగోలేదని అర్థం.

నాన్నగారి ఫోన్ గురించి కూడా చెప్పాలి. పోలీసులమనీ సీబీఐ అనీ వీడియో కాల్ చేసి డిజిటల్ అరెస్ట్ అని బెదిరించి, రిటైరయ్యాక దాచుకున్నదంతా ఊడ్చేస్తున్నారు. అలాంటి అరెస్ట్ మన చట్టంలోనే లేదని, ఎవరు బెదిరించినా పెట్టేసి మీకు చెయ్యమని, ఎన్నిసార్లయినా చెప్పండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, ఎంత తొందరగా చేస్తే ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. పోయినా తిట్టరని వాళ్ళకి నమ్మకం ఉండాలి, లేకపోతే సిగ్గుపడి మనకి చెప్పరు.

ఉద్యోగం విషయానికి వస్తే, ఇప్పుడు మానెయ్యకండి. అటెండెంట్ జీతానికి, మందులకి రాబోయే ఏళ్ళలో ఆ డబ్బే కావాలి. సెలవులు మాత్రం దాచుకోండి, ఏ చిన్న ఫంక్షన్‌కో ఖర్చు చెయ్యకండి. మేనేజర్‌తో ఇంట్లో పరిస్థితి ఇప్పుడే చెప్పి, నెలలో కొన్ని రోజులు భీమవరం నుంచి పనిచేసే వీలుందేమో అడగండి, ఊళ్ళో ఇంటికి మంచి ఇంటర్నెట్ కనెక్షన్ పెట్టించండి. మీరు అక్కడున్న రోజుల్లో అమ్మగారి డాక్టర్ పని, ప్లంబర్ పని ముందు పూర్తి చెయ్యండి, బ్యాంకు పని తర్వాతయినా ఫర్వాలేదు.