స్కాన్ రిపోర్టులో నిమ్మకాయ, అరటిపండు ఎందుకు?

టిఫా స్కాన్ (కడుపులో బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్) రిపోర్టులో ‘లెమన్ సైన్, బనానా సైన్ లేవు’ అని రాశారు, కడుపులో బిడ్డకీ పండ్లకీ ఏం సంబంధం అని అడిగారు కదా. లేవు అంటే మంచిదే, టెన్షన్ పడకండి. రోజూ ఈ స్కాన్లు చేసేదాన్ని కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

బిడ్డ వెన్నెముక సరిగ్గా మూసుకోకపోతే, అదే స్పైనా బైఫిడా, ఆ సందులోంచి మెదడు, వెన్ను చుట్టూ ఉండే నీరు కారిపోయి మెదడు వెనకభాగం కిందికి జారుతుంది. అప్పుడు చిన్నమెదడు వంపు తిరిగి అరటిపండులా కనిపిస్తుంది. నుదుటి ఎముకలు రెండు పక్కలా లోపలికి నొక్కుకుపోయి తల నిమ్మకాయలా కనిపిస్తుంది. 1986లో లండన్‌లో నికోలైడిస్ అనే డాక్టరు బృందం ఈ రెండు గుర్తుల గురించి రాసింది. బిడ్డ వీపు గర్భసంచికి ఆనించి పడుకుంటే వెన్ను చూడటం మహా కష్టం, తల మాత్రం సులువుగా దొరుకుతుంది, అందుకే వెన్ను జబ్బు అనుమానం ముందు తలలోనే తగులుతుంది.

మా దగ్గరికి కొత్తగా వచ్చే పీజీ డాక్టర్లు నిమ్మకాయ దగ్గరే తికమకపడతారు. మన రైతుబజార్లో దొరికేది గుండ్రటిది, దాన్ని మనసులో పెట్టుకుని చూస్తే ఏమీ తెలీదు! పుస్తకంలోది కోలగా, కొస మొన తేలి ఉండే దొరల లెమన్. నేనైతే బొమ్మ ఆపి, నుదురు పక్కన నొక్కుకుపోయిన చోట కర్సర్ పెట్టి ‘ఇదిగో ఈ రెండు సొట్టలు చూడండి, పండు సంగతి వదిలేయండి’ అంటాను. పైగా ఈ నిమ్మకాయ కొందరు మామూలు బిడ్డల్లోనూ కనిపిస్తుంది, జబ్బున్న బిడ్డల్లో కూడా 24 వారాలు దాటాక చాలావరకు మాయమవుతుంది. నాకు అరటిపండు మీదే నమ్మకం ఎక్కువ.

పండ్ల పేర్లు ఇంకా బోలెడు. స్టాఫైలోకాకస్ అంటే ద్రాక్షగుత్తిలా ఉండే క్రిములు, 1880ల్లో ఆగ్‌స్టన్ అనే స్కాట్లండ్ సర్జన్ పెట్టిన పేరు. ముత్యాల గర్భాన్ని (మాయ నీటి బుడగల్లా మారిపోయే గర్భం) కూడా పుస్తకాలు ద్రాక్షగుత్తి అనే అంటాయి, మనవాళ్లు పెట్టిన పేరే నయం. స్ట్రాబెరీ మాత్రం నాకు విసుగు: నాలుకకీ అదే, పిత్తాశయానికీ అదే, పుట్టుమచ్చకీ అదే, ఒకదానికొకటి సంబంధమే లేదు.

ఎవరి రిపోర్టులోనైనా ఆ సైన్లు ‘ఉన్నాయి’ అని వస్తే గూగుల్లో వెతుక్కుంటూ కూర్చోకుండా ఫీటల్ మెడిసిన్ (కడుపులో బిడ్డకి వైద్యం చూసే) డాక్టర్ దగ్గర వెన్నుని మళ్లీ చూపించుకోమనండి.