దీర్ఘకాలిక కీళ్లనొప్పులకు మూలికలు: ఏది, ఎంత, ఎప్పుడు ఆపాలి

మాత్రలు మానేసి మూలికలకు మారొచ్చా అని అడిగారు. ముందు మీది ఏ రకమో తేల్చుకోండి. కీలు అరిగి వచ్చే నొప్పికి మూలికలు కొంత పనిచేస్తాయి. పొద్దున లేచాక గంటకు పైగా కీళ్లు బిగుసుకుపోయి, రెండు చేతుల కణుపులూ వాస్తుంటే అది రుమటాయిడ్ కావచ్చు, అంటే ఒంటి రోగనిరోధక వ్యవస్థే కీళ్ల మీద దాడి చేసే జబ్బు. అదే అయితే ఆ దాడిని అణిచే మెథోట్రెక్సేట్ లాంటి మందు సొంతంగా ఆపకండి. నొప్పి తగ్గినా లోపల ఎముక దెబ్బతింటూనే ఉంటుంది, వంకరపోయిన వేళ్లు మళ్లీ తిన్నగా రావు.

అరుగుదల మోకాళ్లకో, వేళ్లకో అయితే నేను మొదట చెప్పేది మిరప నుంచి తీసిన క్యాప్సైసిన్ క్రీమే. ఒంట్లోకి వెళ్లేది చాలా తక్కువ. 0.025 శాతం క్రీమును రోజుకు మూడు నాలుగుసార్లు పల్చగా రాయండి. మొదటి వారం బాగా మండుతుంది, చాలామంది అక్కడే వదిలేస్తారు. రోజూ రాస్తుంటేనే నొప్పిని మోసే నరాల కొనలు మొద్దుబారతాయి. మధ్యలో మానితే మంట మళ్లీ మొదటికొస్తుంది. ఫలితం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. రాశాక చేతులు సబ్బుతో కడగండి. వేళ్లకే రాస్తే అరగంట ఆగి కడగండి, అప్పటిదాకా కళ్లు ముట్టుకోవద్దు. దాని మీద వేడి కాపడం అస్సలు వద్దు, చర్మం కాలుతుంది.

పసుపులో పనిచేసే పదార్థం కర్క్యుమిన్. వంటపసుపులో అది 3 శాతం దాకానే, అంటే 3 గ్రాముల చెంచాకు 90 మిల్లీగ్రాములు. అధ్యయనాల్లో ఎక్కువగా ఇచ్చింది రోజుకు 1000 మిల్లీగ్రాముల చుట్టుపక్కల. పాలలో కలుపుకొని తాగితే ఆ మోతాదు అందదు. గుళికలైతే 500 మిల్లీగ్రాములవి రెండు పూటలా భోజనం తర్వాత. మిరియాల సారం కలిపినవి ఒంటికి బాగా పడతాయి నిజమే, కానీ కాలేయం దెబ్బతిన్న కేసుల్లో అలాంటివి చాలా ఉన్నాయి. మూత్రం ముదురు రంగులోకి మారినా, ఒళ్లంతా దురద పెట్టినా వెంటనే ఆపి రక్తపరీక్ష చేయించండి. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు, రక్తం పలచబరిచే మందు వేసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు.

శల్లకి బంక సారం కూడా పనికొస్తుంది. గాఢమైన సారాలకు రోజుకు 100 మిల్లీగ్రాములు చాలు, మామూలువాటికి 333 చొప్పున మూడుసార్లు. డబ్బా మీద బోస్వెలిక్ ఆమ్లాల (ఈ బంకలో పనిచేసే పదార్థాలు) శాతం చూసి కొనండి. మూడు నెలలు వాడినా తేడా లేకపోతే మానేయండి.

రుమటాయిడ్ ఉన్నవాళ్లు తిప్పతీగకు దూరంగా ఉండండి, అది రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొడుతుంది.

పేరూ వివరాలూ లేని పొడితో రెండు రోజుల్లోనే నొప్పి మాయమైతే అందులో స్టెరాయిడ్ కలిపారేమో అని అనుమానించండి. చాలాకాలంగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపకండి, బీపీ పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. పొట్లం డాక్టరుకు చూపించి, ఆయన చెప్పినట్టు మెల్లగా మానాలి.